సబ్బుది కాదు, బోరుది

గడ్డం గీసుకునే సబ్బు బిళ్ల కొని, నాలుగు రోజులు వాడి, నురగ రావట్లేదని మూలన పడేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మళ్లీ ట్యూబు క్రీముకో, బుస్సుమని వచ్చే ఫోము డబ్బాకో వెళ్లిపోతారు. వాళ్లు వదులుకున్నది ఎంత మంచి వస్తువో తెలుసు కనక నాకు కష్టంగా ఉంటుంది.

మా మేనమామది కోనసీమ. గోదావరి కాలవ నీళ్లకు అలవాటుపడ్డ మనిషి. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా బ్రష్ పట్టుకుని బాత్‌రూంలోంచే కేకేస్తాడు: "ఏరా అల్లుడూ, ఈ సబ్బు నకిలీదేమో చూడు!" అదే సబ్బు ఆయన ఊళ్లో రెండు తిప్పులకే పొంగుతుంది. మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంటు.

నీళ్ల సంగతి వంటింట్లోనే బయటపడుతుంది. కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. గీజరు కాయిల్‌కు తెల్లగా పెచ్చు కడుతుంది. తాండూరు, మాచర్ల, బేతంచర్ల వైపు కాళ్ల కింద ఉన్నదే సున్నపురాయి. హైదరాబాద్ కింద గ్రానైటే అయినా, బండ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం కలుపుకునే పైకొస్తుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వీటివల్ల వచ్చే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే దారి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు.

ఈ సబ్బుకు ప్రాణం స్టియరిక్ ఆమ్లం. పొటాషియం, సోడియం క్షారాలతో కలిసి ఉన్నంతసేపూ అది నీళ్లలో కరిగి, నురగై, తడిని వెంట్రుకకు అంటిపెట్టి ఉంచుతుంది. కాల్షియం తగిలిందా, దానితో కలిసి కరగని తెల్లటి తెట్టు అయిపోతుంది. పైగా ఆ తెట్టు రేణువులు అప్పటికే లేచిన బుడగలను కూడా పగలగొడతాయి. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ నీటి కాఠిన్యాన్ని కొలిచింది సరిగ్గా ఈ గుణంతోనే: సీసాలో నీళ్లు పోసి, సబ్బు ద్రావణం కొద్దికొద్దిగా కలిపి కుదుపుతూ, నురగ నిలబడడానికి ఎంత సబ్బు పట్టిందో చూడడం.

ఇక్కడే నాకు ధైర్యమిచ్చే లెక్క ఒకటుంది. కాఠిన్యం 600 ఉన్న నీళ్లు 30 మిల్లీలీటర్లు తీసుకుంటే, అవి మింగేసే సబ్బు 0.1 గ్రాము పైచిలుకు మాత్రమే. బట్టల బకెట్టులో అయితే ఈ నష్టం పెద్దదే. గడ్డానికి వాడే గుక్కెడు నీళ్లలో ఎంత? ఆ కాస్తా ముందే నీళ్లకు ఇచ్చేసి, తర్వాతిది గడ్డానికి వాడుకుంటే సరి.

అందుకే ఎక్కువ సబ్బు, తక్కువ నీళ్లు. నానిన బ్రష్‌ను గట్టిగా విదిలించండి. నీళ్లు కారుతున్న బ్రష్‌తో మొదలుపెడితే ఆ సబ్బంతా నీళ్లకే పోతుంది. బిళ్ల మీద మామూలుగా తిప్పేదానికి రెట్టింపు సేపు తిప్పండి. మొదట పెద్దపెద్ద బుడగలు వచ్చి చిటపటమంటూ పోతాయి. అది కాల్షియం వాటా, ఆగకండి. కాసేపటికి బ్రష్ బరువెక్కుతుంది, వెంట్రుకల మొనలకు ముద్దలా పడుతుంది. అప్పుడు గిన్నెలోకి తీసుకుని, వేలికొసతో చుక్క నీళ్లు వేస్తూ, తిప్పుతూ, మళ్లీ చుక్క వేస్తూ పోవాలి. బుడగలు కంటికి కనబడనంత సన్నబడి, గిన్నె వంచినా జారకుండా గడ్డపెరుగు మీగడలా మెరిసినప్పుడు ఆపండి. తొందరపడి ఒక్కసారే నీళ్లు పోస్తే చేసిందంతా పోతుంది. నా దృష్టిలో పనితనమంతా ఈ చుక్కల దగ్గరే ఉంది.

అంత ఓపిక లేని పొద్దున ఆర్వో నీళ్లు ఒక గ్లాసు పట్టుకెళ్లండి. బ్రష్ నానబెట్టడానికీ, ముఖం తడపడానికీ, నురగకూ అవే వాడండి. వాన నీళ్లు దొరికితే మరీ మంచిది. కాచి తేర్చిన నీళ్లు కొంతవరకే పనికొస్తాయి: మరిగిస్తే బైకార్బొనేట్ల వల్ల వచ్చే కాఠిన్యం అడుగున పేరుకుంటుంది, సల్ఫేట్లు, క్లోరైడ్లది అలాగే ఉండిపోతుంది. లీటరు నీళ్లకు చిటికెడు నిమ్మ ఉప్పు వేసినా కాల్షియం జోరు తగ్గుతుంది. ఎక్కువైతే ఆ పులుపే సబ్బును విరిచేస్తుంది. బట్టల సోడా మాత్రం ముఖం దాకా తేవద్దు, చర్మం మండుతుంది.

పటిక సంగతి కూడా చెప్పాలి. గీసుకున్నాక రాసుకోవడానికి అంతకన్నా చవకైనది లేదు. కానీ అందులోని అల్యూమినియం కూడా సబ్బుతో కరగని తెట్టే కడుతుంది. పటిక తాకిన చేతిని కడుక్కోకుండా బ్రష్ ముట్టుకోవద్దు, రెండూ ఒకే గిన్నెలో పెట్టొద్దు. పని అయ్యాక గ్లాసులో మిగిలిన ఆర్వో నీళ్లతోనే బ్రష్ జాడించి, విదిలించి ఆరబెట్టండి. బోరు నీళ్లతో జాడిస్తే వెంట్రుకల మొదట్లో తెట్టు పేరుకుని బ్రష్ బిరుసెక్కుతుంది. ఇప్పటికే బిరుసెక్కిందా, నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి కొద్ది నిమిషాలు నానబెట్టి శుభ్రంగా కడగండి, మెత్తబడుతుంది.