తిక్కన ఎరగని పులుసు

తిక్కన సోమయాజి నెల్లూరులో భారతం రాస్తున్న 13వ శతాబ్దంలో ఇక్కడి చేపల పులుసు ఎలా ఉండేదో నేను తరచూ ఊహించుకుంటుంటాను. ఆయన ఇంట్లో వండి ఉండరు. కానీ మనుమసిద్ధి ఏలుబడిలో పెన్నలో వల వేసినవాళ్లు, సముద్రం మీదికి వేటకు పోయినవాళ్లు ఉన్నారు కదా. వాళ్ల దాకలో ఎరుపు లేదు. మిరప అమెరికా ఖండాలది. 1492లో కొలంబస్ ఆ వైపు వెళ్లేదాకా అదంటూ ఒకటుందని మన వైపు ఎవరికీ తెలియదు. టమాటా కూడా అక్కడిదే. కాబట్టి ఆనాటి పులుసుకు కారం మిరియాల నుంచో పిప్పళ్ల నుంచో రావాలి, రంగు పసుపు నుంచి రావాలి. చెన్నైలో, హైదరాబాదులో ‘నెల్లూరు చేపల పులుసు’ అని బోర్డు పెట్టి అమ్ముతున్న ఎర్రటి, నూనె తేలిన పులుసును తిక్కన కాలపు నెల్లూరు మనిషి ముందు పెడితే, అది తన ఊరి వంటంటే నమ్మడు.

మిరప సంగతి అడిగితే అందరం ఒకటే మాట చెబుతాం, పోర్చుగీసువాళ్లు తెచ్చారని. నిజమే, 16వ శతాబ్దంలో వాళ్ల ఓడలే దాన్ని మన పడమటి తీరానికి చేర్చాయి. అయితే ఓడ రేవు దాకానే తెస్తుంది. రేవు నుంచి పెరట్లోకి, పెరటి నుంచి రోట్లోకి తెచ్చిందెవరు? మన తీరం కూడా ఓడలకు కొత్త కాదు. ప్రళయకావేరి ముఖద్వారం దగ్గర పులికాట్‌లో పోర్చుగీసులు ఆ శతాబ్దం మొదట్లోనే మకాం పెట్టారు. వాళ్ల తర్వాత డచ్చివాళ్లు వచ్చి 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. మద్రాసు పుట్టకముందే, 1620లలో, ఇంగ్లీషువాళ్లు మన దుగరాజపట్నంలో దిగారు. ఆ కంపెనీల లెక్కల పుస్తకాలకు బట్టల మూటలు, మిరియాల బస్తాలు కావాలి. ఎవరి ఇంటి వెనకో కుండ పగిలిన చోట మొలిచిన మొక్కతో వాటికి పనేముంది?

మిరప గెలవడానికి అసలు కారణం ఆ పెరటిలోనే ఉందని నా నమ్మకం. మిరియం తీగకు కొండ నీడ, మలబారు వాన కావాలి. నెల్లూరు ఇసక నేలలో అది పాకదు, డబ్బిచ్చి కొనుక్కోవాల్సిందే. మిరపకు గుప్పెడు విత్తనాలు, నాలుగు చెంబుల నీళ్లు చాలు. ఎండలో ఆరబోస్తే ఏడాది పొడుగునా నిలవ ఉంటుంది. పేదవాడి నాలుకకు కారం అందించిన మొక్క అది. దాన్ని మొదట పులుసులో వేసి చూసిన మనిషి తప్పకుండా ఒక ఆడమనిషే అయి ఉంటుంది. పట్టపుపాలెంలో ఏ గుడిసెలోనో జరిగిన ఆ పని, నా దృష్టిలో, ఓడ నడపడం కంటే చిన్నదేమీ కాదు.

చింతపండుదీ పైనుంచి వచ్చిన కథే. చింతచెట్టు సొంత ఊరు ఆఫ్రికా. మన నేల మీదికి ఎంత పాతకాలంలో వచ్చేసిందంటే, ఊరి పొలిమేరలో చింతతోపు లేని తెలుగు పల్లెను ఊహించలేం. ధనియాలు, జీలకర్ర, మెంతులు మధ్యధరా, పశ్చిమాసియా ప్రాంతాల నుంచి నడిచొచ్చినవి. వెల్లుల్లి మధ్య ఆసియాది. ఇవన్నీ పక్కన పెడితే మిగిలే మన సరుకేమిటి? కరివేపాకు, పసుపు, నువ్వుల నూనె, కళ్లుప్పు, చేప. వీటన్నిటికీ మించి పుల్ల మామిడికాయ. నెల్లూరు పులుసును మిగతా పులుసుల నుంచి వేరుచేసేది ఆ మామిడికాయ ముక్కే. చింతపండు పులుపు నాలుక మీద నిలబడుతుంది, మామిడి పులుపు దాని అంచులు నున్నగా చేస్తుంది. ఇప్పుడు చాలామంది టమాటా కూడా వేస్తున్నారు. పులుసు చిక్కబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ తీపి చేప రుచికి అడ్డం పడుతుంది. మామిడి దొరికే నెలల్లో టమాటాతో పని లేదని నా పట్టుదల.

ఈ పులుసు పెట్టడంలో పుస్తకాలు చెప్పని శాస్త్రం చాలా ఉంది. మా మేనత్త చేప ముక్కలు వేశాక గరిటె తాకనిచ్చేది కాదు. దాక అంచులు గుడ్డతో పట్టుకుని ఒకసారి తిప్పేది, అంతే. ముక్క విరగకూడదు. మెంతులు దోరగా వేయించి, పొడి చేసి, చివర్లో చిటికెడు. చేపకు వచ్చే నీచువాసన క్షారగుణం ఉన్న పదార్థాల వల్ల పుడుతుంది, పులుపులోని ఆమ్లం వాటిని కట్టేస్తుంది. నిమ్మ ముక్క పిండుకుని చేప తినే దేశాలన్నీ ఈ సంగతే వేరే దారిలో కనిపెట్టాయి. మట్టి దాక ఎందుకంటే, చింతపండు పులుపు ఇత్తడిని, రాగిని కొరుకుతుంది. కళాయి పోయిన గిన్నెలో పులుసు పెడితే చిలుమెక్కి విషమవుతుంది. మట్టికి ఆ బాధ లేదు. పైగా పొయ్యి ఆర్పేశాక కూడా దాక వేడి పట్టుకునే ఉంటుంది, ముక్కలోకి ఉప్పూ కారమూ నెమ్మదిగా దిగుతూనే ఉంటాయి. ‘‘ఇయాల్టి పులుసు ఇయాల తింటే ఏముందమ్మా, రేపు తిను’’ అని చేపలమ్మే అక్క ఇప్పటికీ అంటుంది. వేటకు పోయినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో తెలియని ఇళ్లలో, ఐసుపెట్టె లేని కాలంలో, మర్నాటికి పాడవకుండా నిలిచే కూర కావాలి. ఆ అవసరమే రుచిగా మారింది. కొరమీను అయినా, వంజరం అయినా, బొమ్మిడాయిలైనా ఇదే లెక్క.

పులుసు కలుపుకునే అన్నం సంగతి ఇంకా ఆశ్చర్యం. నెల్లూరు పేరు మోసింది మొలగొలుకులతో. ఇప్పుడు మన కంచాల్లో ఉన్నది మాత్రం ఎక్కువగా మసూరి వంశం. మసూరి అచ్చ తెలుగు ధాన్యమనే మనందరి లెక్క. దాని తల్లిదండ్రులు తైవాన్‌కు చెందిన తైచుంగ్ 65, మలయాకు చెందిన మయాంగ్ ఎబోస్ 80. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పథకం కింద కటక్‌లో ఆసియా వరి రకాలను సంకరం చేశారు. అందులోంచి వచ్చిన వంగడాన్ని మలేషియాలో ఎంపిక చేసి 1965లో మహ్సూరి పేరుతో విడుదల చేశారు. అది మన దేశానికి వచ్చినప్పుడు పరీక్షల్లో నెగ్గలేదు, చేను పడిపోతుందని పక్కన పెట్టారు. పక్కన పెట్టినదాన్ని ఆంధ్ర రైతులు తీసుకున్నారు. చేతి నుంచి చేతికి, కొంగుల్లో, సంచుల్లో విత్తనం పాకిపోయింది. ఏ అధికారీ సిఫారసు చేయని ఆ వడ్లు దేశమంతా పండాయి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరికి, ఆ మసూరి రక్తమే ఉంది. మన నెల్లూరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449కి నెల్లూరు మసూరి అనే పేరు నిలిచింది. తిండి పుట్టుక కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఇందులో రాజు లేడు, నావికుడు లేడు. వద్దన్న విత్తనాన్ని తన మడిలో చల్లి చూసిన రైతు ఉన్నాడు.

ఇటు నుంచి అటు వెళ్లినవీ ఉన్నాయి. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ‘నెలోర్’ జాతి, లేదా దాని సంకరం. మనం ఒంగోలు గిత్త అంటాం, వాళ్లు మన జిల్లా పేరు పెట్టుకున్నారు. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగితే, అందులోని మన జత పశువులను అక్కడే అమ్మేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1878లో లెమ్‌గ్రూబర్ అనే రియో పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఇంకో జత కొనుక్కుపోయాడు. మనం దుక్కికీ, బండికీ, బలప్రదర్శనకూ పెంచిన జాతి అక్కడ మాంసపు పరిశ్రమకు పునాది అయింది. ఆ జాతి ఆవు ఒకటి, వియాతినా-19, ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఇక్కడ ఒంగోలు జత కోసం సంతల్లో వెతుక్కునే రైతును చూసినప్పుడు ఆ వార్త నాకు సంతోషమూ, బాధా రెండూ కలిగిస్తుంది.

మిరప, మసూరి మనదగ్గరికి ఏ కాగితమూ లేకుండా వచ్చి మనవైపోయాయి. అన్ని కాగితాలతో వచ్చింది వనామీ రొయ్య. దాని సొంత నీళ్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. అంతకుముందు మన చెరువుల్లో ఉన్నది టైగర్ రొయ్య, ఈ సముద్రపు బిడ్డే. 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువుల మీద తీర్పు ఇస్తూ, పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపల అవి ఉండకూడదంది. 2009లో వనామీకి అనుమతి వచ్చింది. తెగుళ్లు లేవని తేల్చిన తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నైలో విడిగా ఉంచి పరీక్షించి, ఆ తర్వాతే హేచరీలకు ఇస్తారు. టైగర్ రొయ్య చెరువు అడుగునే ఉంటుంది. వనామీ నీళ్లన్నిటా తిరుగుతుంది కాబట్టి కిక్కిరిసి పెరుగుతుంది, ఉప్పు తక్కువైనా తట్టుకుంటుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, కోట, వాకాడు వైపు వెళ్తే రాత్రిళ్లు ఏరియేటర్ల మోతే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు ఆ దెబ్బ తగిలింది ఈ గట్ల మీదే. తిండి ఒక దేశానిది, పెంపకం ఇంకో దేశానిది, ధర మూడో దేశానిది అయితే గట్టు మీద కూర్చున్న రైతు చేతిలో ఏముంటుంది?

చాలాకాలం వనామీ మనకు పెట్టెల్లో వెళ్లిపోయే సరుకే తప్ప కూర కాదు. మా ఇళ్లలో సరస్సు రొయ్యకున్న తీపి దీనికి లేదంటారు, అది నిజం కూడా. కానీ ధర పడిపోయిన రోజుల్లో చెరువుల దగ్గరి పల్లెల్లో దీన్ని ఇంటికి తెచ్చుకోవడం ఎక్కువైంది. మొన్న ఒక ఇంట్లో పుల్ల మామిడికాయ వేసి, చింతపండు సగానికి తగ్గించి, అచ్చం చేపల పులుసులాగే వనామీ పులుసు పెట్టారు. వనామీ చేపలా మర్నాటి దాకా ఆగదు, గట్టిపడుతుంది. పూటకు పూటే తినేయాలి. మామిడి బాగానే పట్టింది, మెంతిపొడి మాత్రం ఇంకా తగ్గించాలి.