అయిదే అయిదు ఫొటోలు

ఈమధ్య సర్కారు బడి టీచర్ల ఫోన్లలో గ్యాలరీ తెరిస్తే ఏం కనిపిస్తుంది? అన్నం గిన్నె, కోడిగుడ్ల ట్రే, హాజరుపట్టీ, కొన్నాళ్ల కిందటి దాకా కడిగిన మరుగుదొడ్డి కూడా. అన్నీ ఏదో ఒక యాప్‌లో ఎక్కించడానికి తీసినవే. సిగ్నల్ అందకపోతే ఫోన్ పైకెత్తి పట్టుకుని గేటు దాకా నడవాలి. ఆ నడకలో మొదటి పీరియడ్ కొంత కరిగిపోతుంది. మన బళ్లలోకి కెమెరా రాలేదని ఎవరూ అనలేరు. వచ్చింది, వంటగది చూసింది, మరుగుదొడ్డి చూసింది. పాఠం జరిగే గదిలోకే ఇంకా సరిగా అడుగుపెట్టలేదు.

అడుగుపెడితే అదేం చేస్తుందో తెలియడానికి గుప్పెడు అలసందలు, గుప్పెడు శనగలు చాలు. (కొన్ని జిల్లాల్లో అలసందల్ని బొబ్బర్లంటారు, రెండూ ఒకటే.)

విత్తనం మొలకెత్తే పాఠం మనమందరం చదివిందే. కొన్ని మొక్కల్లో బీజదళాలు నేల పైకి వస్తాయి, కొన్నింటిలో లోపలే ఉండిపోతాయి అని ఒక వాక్యం. దాన్ని బట్టీ పట్టి, పరీక్షలో రాసి, సెలవుల్లో మరిచిపోయాం. ఇప్పుడు రెండు గాజు గ్లాసులు తీసుకుని తడి ఇసుక నింపి, ఒకదాంట్లో నాలుగు అలసంద గింజలు, రెండోదాంట్లో నాలుగు శనగలు గాజుకు ఆనేట్టు దోపండి. పక్కన ఒక స్కేలు నిలబెట్టండి. రోజూ ప్రార్థన అయ్యాక, అదే కిటికీ దగ్గర, అంతే దూరం నుంచి ఒక్క ఫొటో. ఫోను ఎక్కడ పెట్టాలో బల్ల మీద సుద్దముక్కతో గీత గీసుకుంటే సరి, స్టాండు కొనక్కర్లేదు.

పది రోజులయ్యాక ఆ ఫొటోల్ని వరసగా వేలితో జరిపి చూడాలి. అలసంద మెడ వంచుకుని, ఇసుకలోంచి తల లాక్కుని, రెండు పప్పుబద్దల్నీ మోసుకుంటూ పైకి లేస్తుంది. శనగ అలా చేయదు. పప్పును కిందే వదిలేసి చిగురును మాత్రం పైకి పంపుతుంది. వేలు వెనక్కి జరిపితే మొక్క మళ్లీ ఇసుకలోకి దిగిపోతుంది. ఇక్కడ తరగతంతా నవ్వుతుంది, మళ్లీ చూపించమంటుంది. రోజూ కళ్లముందే ఉన్న మొక్కలో ఈ సంగతి ఎందుకు కనబడలేదంటే, నిన్నటి మొక్క ఇవాళ మన దగ్గర ఉండదు. ఫొటోలో ఉంటుంది. పోల్చి చూడటానికి రెండూ పక్కపక్కన దొరకడమే ఇక్కడ అసలు లాభం.

ఎక్కువకాలం పట్టే మార్పును కుదించి చూపినట్టే, రెప్పపాటులో అయిపోయేదాన్ని కెమెరా సాగదీసి కూడా చూపగలదు. వస్తువు కిందపడేటప్పుడు వేగం పెరుగుతుందని నోటితో చెబితే పిల్లలు తలూపుతారు. గోడ మీద 10 సెంటీమీటర్లకో సుద్దగీత గీసి, బంతిని గోడకు దగ్గరగా వదిలి, స్లోమోషన్‌లో తీయండి. చాలా ఫోన్లలో సెకనుకు 240 ఫ్రేముల దాకా వస్తుంది. అంటే 24 ఫ్రేములు దాటితే సెకనులో పదో వంతు. ఆ వీడియోను కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి కీబోర్డు మీద E అక్షరపు మీట నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. మొదటి 24 ఫ్రేముల్లో బంతి దాదాపు 5 సెంటీమీటర్లు దిగుతుంది. తర్వాతి 24లో 15, ఆ తర్వాత 25, ఆపైన 34, 44. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది అన్న వరస ఎనిమిదో తరగతి పిల్లకు కూడా దొరికిపోతుంది. గెలీలియో కాలంలో ఇంత వేగాన్ని పట్టే గడియారం లేదు. అందుకే ఆయన గుండును వాలుబల్ల మీద దొర్లించి, కారిన నీటిని తూచి కాలం లెక్కగట్టాడు. ఆయన పడ్డ పాట్లు చెప్పడానికి కూడా ఇదే మంచి సమయం. ఒక్క జాగ్రత్త: ఫోన్‌ను గోడకు మరీ దగ్గర పెడితే పైన, కింద ఉన్న గీతలు ఏటవాలుగా కనిపించి లెక్క తప్పుతుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి తీయాలి.

కెమెరాతో పాఠం చెప్పడం ఫోన్లతో మొదలైంది కాదు. లూయిస్ హైన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ పేరు బాలకార్మికుల చిత్రాల వల్ల లోకానికి తెలుసు. అంతకుముందు ఆయన న్యూయార్క్‌లో బడిపంతులు. ఎల్లిస్ దీవిలో ఓడ దిగుతున్న వలసదారుల్ని 1904 నుంచి ఫొటోలు తీసింది బడి పని మీదే. అదే బడిలో ఆయన దగ్గర కెమెరా పట్టడం నేర్చిన పాల్ స్ట్రాండ్ తర్వాత పెద్ద ఫొటోగ్రాఫర్ అయ్యాడు.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది మరో అమెరికన్ ఫొటోగ్రాఫర్ వెండీ ఇవాల్డ్ దారి. 1970లలో అమెరికాలోని కెంటకీ కొండ ప్రాంతపు బళ్లలో ఆమె పిల్లల చేతికే కెమెరా ఇచ్చింది. మన గుజరాత్‌లోని విచియా అనే ఊళ్లోనూ పిల్లలతో పనిచేసింది. ఆమె ఇచ్చే అంశాలు నాలుగు: నేను, మా కుటుంబం, మా ఊరు, నా కల. మొదటి మూడూ ఎవరైనా ఇస్తారు. నాలుగోది ఇవ్వడానికి ధైర్యం కావాలి. కళ్లకు కనిపించని కలను ఫొటో ఎలా తీస్తారు? కెంటకీ పిల్లవాడొకడు తన ప్రాణస్నేహితుణ్ణి తానే చంపినట్టు కలగని, ఆ స్నేహితుణ్ణే చెట్టు పంగలో చచ్చినవాడిలా పడుకోబెట్టి తీశాడు. ఆ ఫొటో తీసిన పిల్లాడికి రాయడానికి మాటలు కరువవుతాయా? మన తెలుగు పీరియడ్‌లో 'నా జీవిత లక్ష్యం' అని ఇచ్చి, గైడులో ఉన్న వ్యాసమే నలభై నోటుపుస్తకాల్లో దిద్దుకునే మాస్టార్లు ఒక్కసారి ఇది ప్రయత్నించాలి.

ఇవాల్డ్ పిల్లల దగ్గర ఉన్నది ఫిల్ము కెమెరా. రీలులో ఫ్రేములు లెక్కగా ఉండేవి, నొక్కేముందు ఆలోచించక తప్పేది కాదు. డిజిటల్ ఆ కాపలాను తీసేసింది. పిల్లలకు ఫోనిచ్చి పొలానికి పంపితే రెండు వందల ఫొటోలతో తిరిగొస్తారు. అందులో సగం సెల్ఫీలు, మిగతా సగంలో దేన్నీ వాళ్లే తిరిగి చూడరు. కాబట్టి నా మాటగా ఒక నియమం: జట్టుకు అయిదే అయిదు ఫొటోలు. ఆరోది తీయాలంటే ముందు తీసినదాంట్లో ఒకటి చెరిపేయాలి. ఏది చెరపాలని జట్టులో నలుగురూ పోట్లాడుకుంటారు చూడండి, పాఠం ఆ పోట్లాటలో ఉంటుంది. ఫలానాది ఎందుకు ఉంచాలో చెప్పడానికి దాన్ని మళ్లీ చూస్తారు, ఈసారి నిజంగా చూస్తారు.

ఫొటోను తెర మీద వేసి వివరించడానికి ఎగబడే అలవాటు కూడా మనకుంది. ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ అనే ఇద్దరు అమెరికన్లు మూడు ప్రశ్నల పద్ధతి ఒకటి తయారుచేశారు. ఇందులో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి? మొదటి నిమిషంలో వచ్చే జవాబులు పైపైవి. అక్కడ టీచరు నోరు కట్టుకుని కూర్చోగలిగితే, రెండో ప్రశ్న పని మొదలుపెడుతుంది. నీళ్ల బిందెతో నడుస్తున్న మనిషి ఫొటోలో నీడ పొట్టిగా ఉంది కనుక అది మిట్టమధ్యాహ్నమని వెనక బెంచీ పిల్లాడు చెబుతాడు.

లెక్కల వాళ్లకు ముగ్గులు, సౌష్ఠవాక్షాలు, కిటికీ కమ్మీల్లో కోణాలు ఎలాగూ ఉన్నాయి. సాంఘికశాస్త్రం వాళ్లు ఊళ్లో పాత గుడి దగ్గరున్న శాసనం మీద చూపు పెట్టాలి. ఫ్లాష్ ఎదురుగా కొడితే రాయి చదునుగా, తెల్లగా తేలిపోతుంది. ఫ్లాష్ ఆపేసి, ఇంకో ఫోను టార్చిని పక్కనుంచి రాతిని రాసుకునేంత వాలుగా పట్టుకోండి. ప్రతి గీతలోనూ నీడ నిలుస్తుంది, అక్షరం లేచి కూర్చుంటుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ కూడా ఇదే పని ఉచితంగా చేసిపెడుతుంది. కాకతీయుల నాటి శాసనమైతే కొన్ని అక్షరాల్ని పిల్లలే పోల్చుకుంటారు. బాగా కనబడాలని రాతికి సుద్ద, సున్నం మాత్రం పూయనివ్వొద్దు.

ఇక పిల్లల ముఖాలు. మొక్క ఫొటో వాట్సాప్‌లో తిరిగితే నష్టం లేదు, పదమూడేళ్ల అమ్మాయి ఫొటో సంగతి వేరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందర్నీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, నన్ను తీయొద్దని పిల్ల అంటే ఆగడం ఆ తరగతిలో నేర్పాల్సిన మొదటి పాఠం. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. లేకపోతే ఎక్కడ తీసిందీ ఫొటోలోనే దాగి ఉంటుంది.

ఫోన్లు బడికి తేవొద్దన్న నియమానికి ఇదేమీ అడ్డు రాదు. టీచరు ఫోను ఒక్కటే అయిదు జట్ల చేతులు మారినా పని జరుగుతుంది. కొన్ని బళ్లలో పెద్ద తెర ప్యానెళ్లు ఉన్నాయి. లేని చోట ఊళ్లోని ఫొటో స్టూడియోలో నాలుగు ప్రింట్లు వేయించి గోడకు అంటించండి, తెర ఆరిపోయాక కూడా అవి అక్కడే ఉంటాయి.

టీచర్లకు ఒకే మనవి. రేపు అన్నం గిన్నె ఫొటో ఎక్కించాక ఫోను బ్యాగులో వేసేయకండి. రాత్రి నానబెట్టిన అలసందలు, శనగలు తరగతిలో ఉంటే, మొదటి ఫొటో ఎవరు తీయాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి.