ఒప్పించడమూ, ఒప్పుకోవడమూ

నిర్బంధాన్ని గురించి విశ్వవిద్యాలయాలలో యీనాడు రెండు శాఖలవారు పరిశోధన చేస్తున్నారు. ఒకరు భాషాశాస్త్రజ్ఞులు. రెండవవారు మానసిక వైద్యశాలల్లో జరిగే సంరక్షణను పరిశీలించేవారు. ఒకరి పుస్తకాలు మరొకరు తెరిచిన జాడ బహుతక్కువ. వ్యాకరణం బోధించడం నా వృత్తి గనుక మొదటివారిని చదవక తప్పలేదు. రెండవవారిని అవసరం కొద్దీ చదివాను. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు నాకు తోచిన విషయాలను విద్యార్థుల ముందూ, తోటి ఉపాధ్యాయుల ముందూ వుంచుతున్నాను.

భాషాశాస్త్రంలో 'కొయెర్షన్' అనే పారిభాషిక పదమే ఒకటి వుంది. "నవల మొదలుపెట్టాను" అంటాం. నవల వస్తువు, మొదలుపెట్టదగినది పని. చదవడమో రాయడమో వినేవాడు పూరించుకుంటాడు. అంటే క్రియ నామవాచకం మెడ వంచి దానిచేత పని అనే అర్థాన్ని పలికించిందన్నమాట. 1988లో మోయెన్స్, స్టీడ్‌మన్‌లూ, 1995లో పుస్టెయోవ్‌స్కీ దీనిని వివరించిన తీరు బాగానే వుంది. కాని యిక్కడ మెడ వంచినది నామవాచకం మాత్రమే గనుక దీనిని యింతటితో వదిలేద్దాం.

మనకు పనికివచ్చేది ప్రేరణార్థకం. లెనర్డ్ టాల్మీ 1988లో రాసిన వ్యాసంలో, కారణాన్ని చెప్పే వాక్యాలన్నీ రెండు బలాల పెనుగులాటలని ప్రతిపాదించాడు. ఒక బలం తన ధోరణిన తాను పోవాలని చూస్తుంది. రెండవది దానిని నెడుతుంది, అడ్డుతుంది, లేదా అడ్డు తొలగి పోనిస్తుంది. జపాను భాషలో యిది విభక్తిలోనే బయటపడుతుంది. పిల్లవాణ్ణి పంపించారని చెప్పేటప్పుడు పిల్లవాడి పక్కన 'ఒ' వస్తే వాడి యిష్టంతో నిమిత్తం లేదనీ, 'ని' వస్తే వాడి సమ్మతి కొంతైనా వుందనీ ఆ భాషా వ్యాకర్తలు చాలాకాలంగా చెబుతూన్నారు. ఏ భాష అయినా మనిషి యిష్టాన్ని లెక్కలోకి తీసుకుంటుందో లేదో చూడడానికి యింతకన్న మంచి చోటు లేదు.

మన తెలుగు ఏమి చేస్తుంది? తల్లి బిడ్డకు అన్నం తినిపిస్తుంది. భూస్వామి కూలీలచేత చాకిరీ చేయిస్తాడు. చతుర్థిలో వున్న బిడ్డ పుచ్చుకునేవాడు, తృతీయలో వున్న కూలీ పనిముట్టు. యింతవరకు వ్యాకరణానికి వర్గదృష్టి వున్నట్టే కనిపిస్తుంది. కాని ఆస్పత్రి గడప దాటేసరికి యీ తేడా చెదిరిపోతుంది. "రోగికి మందు మింగించారు" అన్నా, "రోగిచేత మందు మింగించారు" అన్నా చెల్లుతుంది. మంచిమాట చెప్పి మింగించారా, ఇంటికి పంపమని భయపెట్టి మింగించారా, నలుగురు పట్టుకుని నోరు తెరిచి మింగించారా? ఆ 'ఇంచు' అనే ప్రత్యయంలో యీ మూడూ యిమిడిపోతాయి. చేయించినవాడూ తెలుస్తాడు, ఫలితమూ తెలుస్తుంది. మధ్యన జరిగినది మాత్రం వాక్యానికి అంటకుండా జారిపోతుంది.

'ఒప్పు' అనే ధాతువు యింకా చిత్రమైనది. వైద్యానికి రోగి ఒప్పుకుంటాడు. పోలీసు స్టేషనులో ముద్దాయి నేరం ఒప్పుకుంటాడు. రెండూ ఒక్క మాటే. రెండు చోట్లా దాని వెనుక 'ఒప్పించారు' నిలబడి వుండవచ్చు. రోగి సమ్మతి అని కాగితం మీద వున్న ప్రతిచోటా నాకు యీ రెండవ క్రియ గుర్తుకు రాకమానదు.

మా బంధువు ఒకామెకు తోడుగా నేనొక ఆస్పత్రిలో కొన్నాళ్లు వుండవలసి వచ్చింది. ఆయాగా పనిచేస్తున్న వృద్ధురాలు రోజూ సాయంత్రం మాత్రలు చేతిలో పెట్టి, "మింగెయ్యమ్మా, మా అమ్మ కదూ! మింగకపోతే ఇంటికి పంపరట" అనేది. ఆ గొంతులో ప్రేమ వుంది, అందులో నాకు సందేహం లేదు. కాని ఆ వాక్యాన్ని విప్పి చూడండి. 'పంపరు' అన్న క్రియకు కర్త లేడు. 'అట' అనడంతో బెదిరింపు ఆమెది కాకుండా పోయింది. ఎక్కడో పైనుంచి ఎవరో అన్నమాటను ఆమె మోసుకొచ్చింది. 'అమ్మ' అన్న పిలుపు దానికి పైపూత. దీనిని సలహా అనాలా, బెదిరింపు అనాలా?

యీ ప్రశ్నకు రెండవ శాఖవారు సమాధానం వెతికారు. 2008లో స్ముక్లర్, ఆపెల్‌బామ్ అనే యిద్దరు మానసిక వైద్యులు వొత్తిళ్లను మెట్లుగా పేర్చారు: నచ్చచెప్పడం, ఆత్మీయతను ఆసరా చేసుకుని వొత్తిడి తేవడం, ఆశ చూపడం, బెదిరించడం, చివరకు చట్టబద్ధమైన బలప్రయోగం. ఆశకూ బెదిరింపుకూ మధ్య గీత ఎక్కడ అనే చిక్కుకు వారు తత్త్వవేత్త ఆలన్ వర్త్‌హైమర్ 1987లో రాసిన గ్రంథాన్ని ఆశ్రయించారు. న్యాయంగా తనకు వుండవలసిన స్థితికన్న మనిషిని కిందికి తోస్తామంటే అది బెదిరింపు; పైకి ఎత్తుతామంటే అది ప్రతిపాదన. మంచి కొలబద్దే. ఆయా మాటకు దీనిని పెట్టి చూస్తే, ఇంటికి వెళ్లడం ఆ రోగికి హక్కా, బహుమతా అన్నది తేలాలి. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం స్వయంగా చేరిన రోగి పంపమని అడిగితే పంపవలసిందే. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో పరీక్ష నిమిత్తం 24 గంటలు ఆపవచ్చు. మా బంధువు స్వయంగా చేరినదే. కాబట్టి అది బెదిరింపే. ఆయాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, రోగికి అసలే చెప్పలేదు.

అమెరికాలో మకార్థర్ పరిశోధకులు 1990 దశకంలో మరొక దారి తొక్కారు. చట్టం ఏమన్నదని కాక, నిన్ను బలవంతం చేశారని నీకు తోచిందా అని రోగినే అడిగారు. స్వచ్ఛందంగా చేరినట్టు రికార్డయిన వారిలో కొందరు నిర్బంధం అనుభవించామన్నారు. చట్టం ద్వారా చేర్చబడిన వారిలో కొందరు లేదన్నారు. బెదిరింపూ బలప్రయోగమూ నిర్బంధ భావాన్ని పెంచాయి, నచ్చచెప్పడం పెంచలేదు. తమ మాట విన్నారని, గౌరవంగా చూశారని అనుకున్నవారిలో ఆ భావం తక్కువగా వుంది. పిచ్చివాడికేం తెలుసు అనే అహంకారానికి యిది గట్టి చెంపదెబ్బ. యింతవరకు యీ పరిశోధనకు మనం రుణపడి వున్నాం.

కాని ఒక ప్రమాదం వుంది. నిర్బంధం అనేది రోగి మనస్సులోని భావంగా మారిపోతే, ఆ భావాన్ని తగ్గించడమే లక్ష్యమవుతుంది. అప్పుడు తాడు తీసేయనక్కరలేదు, తాడు కట్టేటప్పుడు మర్యాదగా మాట్లాడితే చాలు. ఫ్యాక్టరీలో జీతం పెంచకుండా కార్మికుడి తృప్తిని కొలిచే మేనేజరుకూ, యీ లెక్కకూ పోలిక పాఠకులకు తోచే వుంటుంది. నిజానికి ఆ పరిశోధకులలో ఒకడైన జాన్ మోనహన్ 2005లో సహచరులతో ప్రకటించిన వ్యాసంలోనే దీనికి జవాబు వుంది. అమెరికాలో అయిదు చోట్ల, ఆస్పత్రి బయట ప్రభుత్వ సేవల కింద వైద్యం పొందుతున్న వారిని అడిగితే, చోటును బట్టి నూటికి 44 నుంచి 59 మంది తమ మీద ఏదో ఒక పట్టు ప్రయోగించారన్నారు. ఏమిటా పట్టు? ఇల్లు, భత్యం డబ్బు, జైలు, కోర్టు ఉత్తరువు. సొంత ఇల్లు వున్నవాడిని ఇంటి పేరు చెప్పి వొంచలేరు గదా! వ్యాసంలో పట్టికలు వున్నాయి, వర్గం అనే మాట లేకపోయినా ఆ పట్టికలనిండా వున్నది అదే.

మన మిత్రులలో కొందరు దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో పోతారు. గ్రాంషీ పేరు చెప్పి, సమ్మతి అంతా ముసుగు వేసుకున్న నిర్బంధమే అంటారు. నేను దీనితో ఏకీభవించలేను. గ్రాంషీ ఆ రెండింటినీ జోడించి చూశాడు గాని కలిపేయలేదు. అన్నీ నిర్బంధమే అయితే ఆయా బుజ్జగింపుకూ, ఎర్వాడి గొలుసుకూ తేడా లేనట్టే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గరి కొట్టం తగలబడినప్పుడు గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. సిద్ధాంతం ఆ గొలుసుకు విడిగా పేరు పెట్టలేకపోతే ఆ సిద్ధాంతం నాకు అక్కరలేదు.

గొలుసుకు పేరు పెట్టినవాడు ఇటలీ దేశపు ఫ్రాంకో బసాలియా. 1961లో గొరీజియా పిచ్చాసుపత్రికి డైరెక్టరుగా వచ్చినప్పుడు, రాత్రి కట్టివేసిన రోగుల జాబితా మీద సంతకం పెట్టమంటే నిరాకరించాడని చెబుతారు. ఆయన కృషి ఫలితంగా 1978లో వచ్చిన 180వ చట్టం పిచ్చాసుపత్రులలో కొత్త రోగులను చేర్చుకోవడాన్ని ఆపింది. అదే 1961లో అమెరికాలో గోఫ్‌మన్ 'అసైలమ్స్' వెలువడింది. గోఫ్‌మన్ చూసి రాశాడు, బసాలియా తలుపులు తెరిచాడు. మన విమర్శకులు మొదటివాణ్ణి ఎక్కువగానూ రెండవవాణ్ణి తక్కువగానూ తలచుకోవడం నాకు నచ్చదు.

యిక మన చట్టం మాటకు వద్దాం. 1912 చట్టం పేరులోనే 'లూనసీ' అన్న మాట వుండేది. 1987 చట్టం ఆ మాట తీసేసింది. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 చట్టం గొలుసులు వేయడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది, ఒంటరి గదిలో బంధించడాన్ని నిషేధించింది. ఇవి చిన్న విజయాలు కావు. కాని రోగి యిష్టం లేకపోయినా, అతని ప్రతినిధి దరఖాస్తు మీద 30 రోజుల వరకు చేర్చుకునే 89వ సెక్షనుకు ఆ చట్టం పెట్టిన పేరు 'సపోర్టెడ్ అడ్మిషన్'. తోడ్పాటుతో చేరిక! ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, బోర్డు సమీక్షించాలి, యివన్నీ వున్నాయి. కొన్ని వేళల్లో అటువంటి చేరిక ప్రాణం నిలుపుతుందని కూడా నేను కాదనను. అయితే దానిని దాని పేరుతోనే పిలవాలి. బలవంతాన్ని బలవంతం అంటేనే రోగికి దానిమీద అప్పీలు చేసుకునే బుద్ధి పుడుతుంది. తోడ్పాటు మీద ఎవరు అప్పీలు చేస్తారు?

97వ సెక్షను చదివితే మరొకటి కనిపిస్తుంది. రోగిని కట్టివేయడం శిక్షగా వాడరాదు, సిబ్బంది కొరత అనే ఒక్క కారణంతో వాడరాదు అని అందులో స్పష్టంగా రాసి వుంది. కొరత వుందనీ, కొరత వుంటే తాడు వస్తుందనీ శాసనకర్తలకు తెలుసునన్నమాట. రాత్రిపూట వార్డులో తాడు పట్టుకునేది చాలీచాలని జీతం తీసుకునే అటెండరు. కాంట్రాక్టు ముగిస్తారని భయపడే మనిషి చేతనే మరొక మనిషిని కట్టిస్తారు. ప్రేరణార్థకం యిక్కడ రెండు అంతస్తులది. కట్టివేసిన ప్రతిసారీ పద్ధతి, స్వభావం, కారణం, ఎంతసేపు అన్నవి వెంటనే రోగి రికార్డులో రాయాలనీ, నెలనెలా బోర్డుకు నివేదిక పంపాలనీ ఆ సెక్షనే చెబుతుంది. ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది వున్నారో రాయమని మాత్రం అడగదు.