ఈ పుస్తకాలను ఏ అరలో పెడతరు?

కల్పితమా, వాస్తవమా అని ముందు తేల్చుకొని ఆ తర్వాతే పుస్తకం తెరవాలని విశ్వవిద్యాలయాల్లో మాకు నేర్పారు. నవలను శిల్పం గురించి అడగాలె. జీవిత చరిత్రను నిజం గురించి అడగాలె. ఈ పద్ధతి దళితుల పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఎవరికి లాభం చేస్తున్నదో చూడాలని మా ప్రయత్నం.

నెక్కొండలో మేం కొందరం, టీచర్లు, డిగ్రీ చదివే పిల్లలు, సంఘంలో తిరిగేవాళ్లు, కొంతకాలంగా కలిసి చదివిన పుస్తకాల మీద ఆలోచనలివి. చదువుకు వరస లేదు, ప్రణాళిక లేదు. దొరికింది దొరికినట్టు చదివినం. ఒకవారం నవల, ఇంకోవారం ఆత్మకథ, ఆ తర్వాత కథలు. అట్ల కలగలిపి చదవడం వల్లనే కొన్ని సంగతులు కంటబడ్డయేమో అనిపిస్తున్నది.

గ్రంథాలయాల్లో పుస్తకాలు సర్దడానికి డ్యూయీ పద్ధతి ఒకటున్నది. అందులో తెలుగు సాహిత్యానికి 894.827. జీవిత చరిత్రలకు 920. సమాజంలోని సమూహాల మీద జరిగే అధ్యయనాలకు 305. నెంబర్లకు కులం లేదు. కానీ 'మాలపల్లి' ఏ అనుమానం లేకుండా సాహిత్యం అరలోకి పోతది. ఒక మాదిగ కుటుంబం తన తరాల కథను తానే చెప్పుకుంటే అది సామాజిక శాస్త్రం అరలోకి జారిపోయే అవకాశం ఎక్కువ. ఏ అరలో ఉంటే ఏంది అనొచ్చు. అరను బట్టే చదివే తీరు మారుతది. సాహిత్యం అరలోని పుస్తకాన్ని విమర్శకుడు చదువుతడు, వాక్యం దగ్గర ఆగుతడు, రచయితతో కొట్లాడుతడు. 305లోని పుస్తకాన్ని పరిశోధకుడు తిరగేస్తడు. ఏ పుటలో అంటరానితనం, ఏ పుటలో ఆకలి, ఏ పుటలో హాస్టల్ అని గుర్తులు పెట్టుకొని, కావల్సింది ఏరుకొని మూసేస్తడు. దళితుల మీద ఇంకొకరు రాస్తే సాహిత్యం, దళితుడే రాస్తే ఆధారం!

వాడల నుంచి మొదటిసారి యూనివర్సిటీకి పోయిన పిల్లలకు దీని బరువు బాగా తెలుసు. సెమినార్‌లో మిగతావాళ్లంతా సిద్ధాంతం మాట్లాడినంక మా దిక్కు తిరిగి 'మీ అనుభవం చెప్పండి' అంటరు. మాకు కూడా సిద్ధాంతం ఉండొచ్చని వాళ్లకు తోచదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన 'మాలపల్లి' 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ తెగువను తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. ఒక బ్రాహ్మణ రచయిత ఆ రోజుల్లో మాల కుటుంబాన్ని నవల నడుమ నిలబెట్టడం మామూలు సంగతి కాదు. భూస్వామి చేతిలో సంగదాసు చావు ఇవాళ చదివినా కడుపు తరుక్కుపోతది. కానీ రామదాసు నోరు తెరిస్తే వేదాంతం. కొడుకు పోయినా వేదాంతమే. మాలో డిగ్రీ చదివే ఒక పిల్ల 'ఈయన ఎప్పుడన్న అలిసిపోతడా సార్?' అని అడిగింది. ఆ నవల మీద మేం విన్న విమర్శల్లో ఇది మంచిదని మా అభిప్రాయం. పొద్దంతా మట్టిలో పనిచేసిన ఒళ్లు పొద్దుగూకినంక ఏం మాట్లాడుతదో రచయిత వినలేదు. దుఃఖం గొప్పగా ఉండాలంటే అది భక్తిగా మారాలని నమ్మిండు.

దాశరథి రంగాచార్య మా ఉమ్మడి వరంగల్ జిల్లా చిన్నగూడూరు మనిషి. 'చిల్లర దేవుళ్లు'లో గడీ ఉన్నది, వెట్టి ఉన్నది, మా తాతల మాట ఉన్నది. చదువుతుంటే చెవికి సొంతం అనిపిస్తది. అయితే ఆ ఊరిని ముందుగా చూసే కళ్లు బయటినుంచి వచ్చిన సంగీతకారుడివి. అతన్ని నివ్వెరపరిచింది వెట్టివాడికి రోజూ ఉండేదే. నివ్వెరపోవడానికి కూడా కొంత తీరిక కావాలె.

ఇట్లాంటి నవలలను తెలుగు విమర్శ ఏండ్లకేండ్లు 'వాస్తవికత' అని మెచ్చుకున్నది. కల్పనకు నిజమన్న బిరుదిచ్చింది. మావాళ్లు నిజం రాస్తే మాత్రం సాహిత్యమనడానికి ఎనకాముందాడుతది.

వై.బి. సత్యనారాయణ 'మై ఫాదర్ బాలయ్య' 2011లో ఇంగ్లిష్‌లో వచ్చింది. పి. సత్యవతి అనువాదంతో 'మా నాయన బాలయ్య'గా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చింది. దీని దగ్గర మేం ఎక్కువ రోజులు ఆగినం. రైలు కథ కావడం ఒక కారణం. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1889లో బెజవాడ దాకా పట్టాలేసింది. వరంగల్ దాటినంక, కేసముద్రం రాకముందు, ఆ పట్టాల మీదనే మా నెక్కొండ. ఆ లైను కట్టించిన దొరల పేర్లు వెతికితే దొరుకుతయి. కంకర ఎత్తినోళ్ల పేర్లు వెతికినా దొరకవు. ఈ పుస్తకంలో అట్లాంటి ఒక కుటుంబానికి పేర్లున్నయి.

కరీంనగర్ జిల్లా వంగపల్లి. తోలుపనిలో చెయ్యి తిరిగిన పూర్వీకుడు నర్సయ్య. ఆయన పనితనానికి మెచ్చి నిజాం యాభై ఎకరాలిస్తే, ఊరి దొర రెండెకరాలు వదిలి మిగతాది మింగిండు. తర్వాతి తరంలో మళ్లీ ఒక నర్సయ్య. చనిపోయిన భార్యను ఒక్కడే మోసుకుపోయి పూడ్చి, పసికొడుకును తీసుకొని ఊరొదిలి రైల్వేలో చేరుతడు. ఆ పసివాడే బాలయ్య. ఆయన బతుకూ రైల్వేలోనే గడిచింది. కొడుకులు మాత్రం ఆ కూలికి రావొద్దని పట్టుబట్టిండు. వాళ్లు చదువుకొని కాలేజీల్లో పాఠాలు చెప్పినరు.

కష్టపడితే పైకొస్తరు అనే నీతికథగా దీన్ని చదివేవాళ్లున్నరు. ఆ చదువులో నలభై ఎనిమిది ఎకరాలు ఎటుపోయినయి? బాలయ్య కష్టం చేసిండు, నిజమే. అతని కంటె ముందు నర్సయ్య అంతకంటె తక్కువ కష్టం చేసిండా? మారింది కష్టం కాదు, జీతమిచ్చే చెయ్యి. ఊర్లో పనికి గింజలు దొర ఇష్టం, భూమి దొర ఇష్టం. రైల్వేలో నెల తిరిగితే లెక్క ప్రకారం డబ్బులు. కులం అక్కడ కూడా వెంటే ఉన్నది. కానీ మనిషి ఊరి దొర కంటికి దూరమైండు. ఈ తేడాను వాదనలాగా చెప్పకుండా, స్టేషన్ నుంచి స్టేషన్‌కు బదిలీ అయ్యే ఇంటి సామాన్ల నడుమ చెప్పడం సత్యనారాయణ పనితనం. దాన్ని శిల్పం అనకపోతే ఏమంటరో విమర్శకులు చెప్పాలె.

లోటు కూడా ఉన్నది. పేరులోనే నాయన ఉన్నడు కాబట్టి నాయన నిర్ణయాలు వెలుగులో ఉన్నయి. ఇంతమందిని కని, వండి, పెంచినామె పని వెనుక చీకట్లో ఉండిపోయింది.

సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) ఆ చీకట్లోకి దీపం పట్టుకొని పోయింది. రచయిత్రి కాజీపేటలో పెరిగింది, వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేస్తూ ఈ పుస్తకం అచ్చేసింది. (ఇక్కడ కూడా రైలే!) మేనమామ కె.జి. సత్యమూర్తి కథ అనే చాలామంది దీన్ని చదివినరు. శివసాగర్‌గా పాట రాసిన మనిషి, 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ పెట్టిన మనిషి, పార్టీ లోపల కులం సంగతి అడిగి బయటపడ్డ మనిషి. ఆ భాగం ముఖ్యమైందే. మమ్మల్ని పట్టుకున్నది మాత్రం రచయిత్రి తల్లి మంజుల. చదువుకున్న దళిత స్త్రీకి ఉద్యోగం ఎట్ల దొరుకుతది, ఎట్ల పోతది, పెండ్లి అయినంక ఆ జీతం ఎవరి చేతికి పోతది, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలిపెట్టి పోవాలె. అన్న దేశాన్ని మార్చడానికి పోయినప్పుడు చెల్లె ఇల్లు ఎట్ల నడిచింది? ఉద్యమ చరిత్రలు రాసినోళ్లు ఈ ప్రశ్న వేయలేదు. గిడ్ల కోపాన్ని దాచుకోదు, మేనమామ మీద కూడా దాచుకోదు. అది మాకు నచ్చింది. ఇంగ్లిష్ పాఠకుడి కోసం అడుగడుగునా వివరించుకుంటూ పోవడం మాత్రం విసుగు పుట్టించింది. మాకు తెలిసినదే మాకు పరిచయం చేస్తున్నట్టుంటది.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) దగ్గర మా అరల లెక్క పూర్తిగా తప్పింది. అది నవల. ఎన్నెలదిన్నె ఎల్లన్న దగ్గర మొదలైన తరాల కథను రూతు జ్ఞాపకం చేసుకుంటది. కరువుకు ఊరొదిలిన శివయ్య బకింగ్‌హాం కాలువ తవ్వకానికి పోతే, అంటరానోడు మాతోపాటు పలుగు పట్టేది లేదని కులపోళ్లు తరుముతరు. 1876-78 కరువులో ఆ కాలువను కరువు పని కింద తవ్వించినట్టు చరిత్ర చెబుతది. అన్నం పెట్టే పనని సర్కారు చెప్పుకున్న ఆ పనికి ఎవర్ని రానియ్యలేదన్న ప్రశ్నను నవల వేసింది. చరిత్ర అరలో లేనిది కల్పన అరలో దొరికినప్పుడు ఆధారం అనే మాటకు అర్థమేంది? మాలో టీచరొకాయన దీనికి ఒప్పుకోలేదు. నవలాకారుడు ఊహించిందాన్ని సాక్ష్యమంటే రేపు అవతలోడు కూడా తన ఊహను సాక్ష్యమంటడు అన్నడు. ఆ మాటలో బలమున్నది. మా జవాబు ఇంతే: నవలను కోర్టులో పెట్టమనడం లేదు, చరిత్రకారుడు ఏ ప్రశ్న వేయలేదో అది చూపిస్తున్నదంటున్నం. నవల చివరికొచ్చేసరికి తొందర ఎక్కువైంది. ఎల్లన్న పాటకు దొరికినంత జాగా తర్వాతి తరాలకు దొరకలేదు.

భాష సంగతి. భాగ్యరెడ్డివర్మ 1930ల మొదట్లో తన 'భాగ్యనగర్' పత్రికలో 'వెట్టి మాదిగ' వేసిండు. పేరులోనే పనీ కులమూ ఒకదానికొకటి కట్టేసి ఉన్నయి. ఆ తర్వాత డెబ్బై ఏండ్లకు వేముల ఎల్లయ్య 'కక్క' (2000) నల్లగొండ మాదిగ మాటతో వచ్చింది. అర్థం కాదని చదువుకున్నోళ్లు దాన్ని పక్కన పెట్టినరు. మాకూ మొదట నోరు తిరగలేదు, వరంగల్ మాట వేరు, నల్లగొండ మాట వేరు. పెద్దవాళ్లను అడిగినం. అడిగితే ఏమైందంటే, పుస్తకంలో లేని మాటలు కూడా బయటికొచ్చినయి. లంద, ఆరె, గూటం, తంగేడు చెక్క, మోట బొక్కెనకు తొండం కుట్టే తీరు. మోటరు రాకముందు బావి నీళ్లు పొలానికి ఎక్కాలంటే మాదిగ చెయ్యి పడాల్సిందే. ఊరందరి వరి వెనుక ఆ తోలు ఉన్నది. పాఠ్యపుస్తకాల్లో రైతు ఉన్నడు, ఎద్దు ఉన్నది, బొక్కెన కుట్టినాయన లేడు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలతో 1962లో మొదలైంది, 1971లో చేనేత పదాలు వచ్చినయి. గొప్ప పని. తోలుపని మాటల కోసం మాకు ముందుగా దారి చూపింది మాత్రం ఒక నవల.

మాకు పక్కనే ఉన్న చెన్నారావుపేట మండలం పాపయ్యపేటలో పుట్టిన కంచ ఐలయ్య ఈ మాటను ఎప్పుడో చెప్పిండు. 'నేను హిందువునెట్లయిత'లో గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడికి వచ్చిన చదువు గురించి రాసింది మా పిల్లలకు ఇట్టే అర్థమైంది. ఆ పుస్తకం సిద్ధాంతమా, ఆత్మకథనా? రెండూ కలిసి ఉన్నందుకే కొందరు పండితులకు అది మింగుడుపడలేదు.

మా మధ్య పెద్ద పంచాయితీ ఇంకొకటి జరిగింది. వాడ నుంచి వచ్చిన పుస్తకంలో తప్పు ఎంచొచ్చా? అగ్రవర్ణ విమర్శకులు ఎట్లాగూ రాళ్లేస్తరు, మనం కూడా వేయాల్నా అని సంఘంలో తిరిగే తమ్ముడి బాధ. అర్థం చేసుకోదగ్గ బాధే. అయితే అడగకుండా దండం పెట్టుడు కూడా ఆ పుస్తకాన్ని 305లోకి తోసుడే. నిజం చెప్పిండు చాలు, ఎట్ల చెప్పిండో మనకెందుకు అన్నట్టు. నాగప్పగారి సుందర్రాజు 1997లో 'మాదిగోడు' కథలు తెచ్చినప్పుడు దళిత సాహిత్యం లోపలినుంచే మాదిగ గొంతు ఏదని నిలదీసిండు. 1994 దండోరా తర్వాత ఆ మాట పడాల్సిందే. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ముప్పై ఏండ్లు రోడ్డు మీద నడిచిన ప్రశ్న అది. కథల్లో అది ముందే తలెత్తింది. మనలో మనం అడగకపోతే ఆ పుస్తకమే ఉండేది కాదు.

చివర చదివింది అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. చిన్న పుస్తకం, ఒక్క కూర్చోట్లో అయిపోయింది. దౌలతాబాద్ కోటలో నీళ్లు ముట్టినందుకు జరిగిన రచ్చ 1934 నాటిది. కోట నిజాం రాజ్యంలోది, అప్పుడు మనమూ ఆ రాజ్యంలోనే ఉంటిమి. అయినా పిల్లలు తిరిగి తిరిగి మసూర్ స్టేషన్ దగ్గరికే పోయినరు. 1901లో తొమ్మిదేండ్ల భీమ్‌రావ్, అన్న, అక్క కొడుకులు తండ్రి దగ్గరికి పోతూ అక్కడ దిగుతరు. తండ్రికి ఉత్తరం అందలేదు, ఎవరూ రాలేదు. మంచి బట్టల్లో ఉన్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టర్ దయగా మాట్లాడుతడు. మహర్లమని చెప్పగానే మొహం మారుతది. ఆఖరికి రెండింతల కిరాయికి ఒక బండి కుదురుతది, షరతు మీద. బండి పిల్లలే తోలుకోవాలె, బండివాడు పక్కన నడుస్తడు.

ఇది కథనా, జరిగిందా అని మాలో ఎవరూ అడగలేదు. ఆ చీకట్లో తొమ్మిదేండ్ల పిల్లలకు ఎడ్లను తోలడం వచ్చా అని ఒక పిల్లడు అడిగిండు. ఆ పుస్తకాన్ని ఇంకోసారి మొదటినుంచి చదువుతున్నం.