స్కీమా రచనకు సాధనాలు: గుణదోషాలు

పరీక్షలు ముగిసిన తరువాత ఉపాధ్యాయుడు మార్కుల రిజిష్టరు తెరుస్తాడు. పరీక్షకు రాని విద్యార్థి గడిలో ఏమి వ్రాయాలి? సున్నా వేస్తే, పరీక్ష వ్రాసి ఒక్క మార్కైనా తెచ్చుకోలేని వానికీ, జ్వరంతో మంచం పట్టిన వానికీ భేదం లేకుండా పోతుంది. గడి ఖాళీగా వదలితే, వ్రాయడం మరచిపోయారేమో అన్న అనుమానం కలుగుతుంది. గళ్లు ఎంత తిన్నగా గీసినా, వాటి అర్థం తెలిపే నాలుగు మాటలు మొదటి పుటలో లేకపోతే రిజిష్టరు తప్పుదారి పట్టిస్తుంది.

కంప్యూటర్ల మధ్య ఇటువంటి సమాచారాన్ని పంపడానికి వాడే పద్ధతులలో ఎక్స్‌.ఎం.ఎల్. ఒకటి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దీనిని 1998లో ప్రమాణంగా వెలువరించింది. ఇందులో ప్రతి విషయాన్నీ దాని పేరు గల రెండు ట్యాగుల నడుమ ఉంచుతారు. ఆ పేర్లు తెలుగు లిపిలోనే ఉండవచ్చు. ‘మార్కులు’ అనే ట్యాగుల నడుమ 72 అని వ్రాయవచ్చు. ఏ ట్యాగు ఎక్కడ రావాలి, దానిలో ఎటువంటి విలువ ఉండాలి అని శాసించే పత్రమే స్కీమా. స్కీమాలు వ్రాయడానికి అదే కన్సార్షియం 2001లో ఒక భాషను ఇచ్చింది. ఆ సంవత్సరమే రిలాక్స్ ఎన్‌.జి. అనే మరింత సరళమైన భాష కూడ వచ్చింది.

స్కీమా శక్తి ఎంత? మార్కులు 0 నుండి 100 వరకు గల పూర్ణాంకం కావాలని స్కీమాలో వ్రాస్తే, 172 అని పడిన పొరపాటును యంత్రం వెంటనే పట్టుకొంటుంది. ‘మార్కులు గాని, గైర్హాజరు గాని’ అని రెండు దారులు కూడ ఏర్పరచవచ్చు. కాని పరీక్ష మధ్యలో లేచిపోయిన విద్యార్థి ఏ దారిలోకి వస్తాడు? ఈ సంగతి మాటలలోనే చెప్పాలి. కన్సార్షియం భాషలో ఇందుకు ప్రత్యేకమైన చోటు ఉన్నది. ప్రతి అంశానికీ స్కీమా లోపలనే వివరణ వ్రాయవచ్చు. అది ఏ భాషలో ఉన్నదో సూచించవచ్చు. ఇంగ్లీషు వివరణ పక్కన తెలుగు వివరణ ఉంచడానికి అడ్డేమీ లేదు. సాధనాల గుణదోషాలను ఈ దృష్టితోనే పరీక్షించాలి.

మొదటి తరగతి సాధనాలు స్కీమాను బొమ్మగా చూపుతాయి. ఎక్స్‌.ఎం.ఎల్‌.స్పై, ఆక్సిజన్ అనేవి వీటిలో ప్రసిద్ధమైనవి. పెట్టెలూ, వాటిని కలిపే గీతలూ చూస్తే పెద్ద స్కీమా నిర్మాణం కూడ త్వరగా బోధపడుతుంది. మీట నొక్కితే వివరణ గ్రంథం తయారవుతుంది. కాని ఇక్కడ ఒక భ్రమ కలిగే ప్రమాదం ఉన్నది. రచయిత వివరణ వ్రాయని చోట, యంత్రం స్కీమాలో ఉన్నదానినే తిరిగి చెబుతుంది: ‘మార్కులు: పూర్ణాంకం, 0 నుండి 100’. ఇట్టి పుటలు వంద వచ్చినా మధ్యలో లేచిపోయిన విద్యార్థి సమస్య తీరదు. పైగా ఇవి వెల పెట్టి కొనవలసిన సాధనాలు.

రెండవ తరగతిలోనివి ఉచితంగా లభిస్తాయి. ఈమాక్స్ వంటి ఎడిటరులో రిలాక్స్ ఎన్‌.జి. సంక్షిప్త రూపంలో స్కీమా వ్రాసి, జింగ్‌తో పత్రాలను సరిచూడవచ్చు. వరుస మొదట రెండు హాష్ గుర్తులు పెట్టి వివరణ వ్రాస్తే, ట్రాంగ్ అనే సాధనం ఆ వివరణతో సహా స్కీమాను కన్సార్షియం భాషలోకి మారుస్తుంది. అయితే ట్రాంగ్ కన్సార్షియం భాషను వ్రాయగలదే గాని చదవలేదు. వెనుకకు దారి లేదు. నమూనా పత్రాలను చూసి స్కీమాను ఊహించే నేర్పు కూడ దీనికి ఉన్నది. ఆ నేర్పును మితంగా నమ్మాలి. నమూనాలలో గైర్హాజరైన విద్యార్థి ఒక్కడూ లేకపోతే, పుట్టే స్కీమాలో అతనికి చోటు ఉండదు.

మూడవ మార్గం ప్రాచీన, ఆధునిక గ్రంథాలను కంప్యూటరుకు ఎక్కించే పండితులు ఏర్పరచుకొన్నది. టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ అనే వారి సంస్థ 2007లో వెలువరించిన పి5 నియమావళిలో నియమమూ, వివరణా, ఉదాహరణా ఒకే మూలపత్రంలో ఉంటాయి. స్కీమానూ, చదువుకొనే గ్రంథాన్నీ ఆ మూలం నుండే పుట్టిస్తారు. నియమం మార్చేవానికి దాని వివరణ కంటి ఎదుటనే ఉంటుంది. మరచిపోవడానికి అవకాశం తగ్గుతుంది. నేర్చుకోవడానికి శ్రమ ఎక్కువ. చిన్న పనికి ఇంత ఏర్పాటు అక్కరలేదు.

కనుక సాధనం ఎన్నుకొనేవారు బొమ్మల అందం చూసి మురిసిపోక మూడు ప్రశ్నలు వేయాలి. వివరణ స్కీమాలోనే నిలుస్తుందా? వివరణ లేని అంశాలను సాధనం ఎత్తి చూపుతుందా? రేపు ఈ సాధనం లేకపోయినా పత్రాన్ని మరొక సాధనంతో తెరవవచ్చునా? ఈ మూడింటికీ అవునని సమాధానం వస్తే, వెల పెట్టి కొన్నదైనా, ఉచితంగా వచ్చినదైనా అది మంచి సాధనమే. గళ్లు గీయడం యంత్రం నేర్చింది. మొదటి పుటలోని నాలుగు మాటలు మాత్రం మనిషే వ్రాయాలి.