నాజియా గదిలో, బప్పీ వీధిలో

డిస్కో అన్న మాట పుట్టిందే రికార్డులోంచి. ఫ్రెంచివాళ్ళు 'డిస్కోటెక్' అన్నది మొదట రికార్డులు దాచుకునే చోటుని. వాయిద్యగాళ్ళు లేకుండా రికార్డులు తిప్పి ఆడించే నాట్యశాలకు ఆ పేరు తర్వాత వచ్చింది. మన కోస్తా జిల్లాల్లో తీర్థాలకీ జాతరలకీ తెల్లవార్లూ ఆడే ఆటను 'రికార్డింగ్ డాన్సు' అని పిలిచినవాళ్ళకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. అయినా అక్కడా ఇక్కడా ఆటకు పేరిచ్చింది ఆ నల్లటి ప్లేటే.

నా బల్ల మీద ఇప్పుడు అలాంటి ప్లేట్లు రెండున్నాయి. ఒకటి 1981లో వచ్చిన 'డిస్కో దీవానే', రెండోది 1982 నాటి 'డిస్కో డాన్సర్'. మొదటిది నాలుగేళ్ళ కిందట హైదరాబాదులో పాత రికార్డులమ్మే ఆయన దగ్గర కొన్నాను. అట్ట నలగలేదు, గీత పడలేదు. రెండోది మా మామయ్యది. తణుకు దగ్గర మా ఊళ్ళో ఆయనకు మైకు సెట్టు ఉండేది. అట్ట వెనక నీలం సిరాతో ఆయన రాసుకున్న పేరు ఇంకా చెదరలేదు. ప్లేటు మీద మాత్రం గీత పడని చోటు వెతుక్కోవాలి.

రెండింటి పేర్లలోనూ డిస్కో ఉంది. రెండూ హిందీ పాటలే, వాటి మధ్య ఏడాది తేడా. మా ఊళ్ళో ఆ రోజుల్లో ఎవరినడిగినా రెండూ ఒకటే రకం అని చెప్పేవారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. ఒకే ప్లేయర్ మీద, ఒకే సాయంత్రం, ఒకదాని తర్వాత ఒకటి పెట్టి విన్నాక గాని అర్థం కాలేదు. ఈ రెండూ పోటీ పడిన రికార్డులు కావు, రెండు వేరువేరు చోట్ల కోసం చేసినవి. ఒకటి తలుపు మూసిన గది కోసం, ఒకటి వీధి కోసం.

ముందు వీధి సంగతి చెప్తాను. మామయ్య సెట్టులో ఆహూజా ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, నాలుగు కొమ్ము మైకులు, రేకు పెట్టెలో ప్లేట్లు ఉండేవి. పెళ్ళయినా, గణపతి నవరాత్రులయినా పొద్దున్నే ఘంటసాల భక్తి పాటలతో మొదలుపెట్టి, పొద్దు వాలాక సినిమా పాటల్లోకి దిగేవాడు. నాకు పదేళ్ళు. పెట్టె మోయడం, ప్లేటు అందివ్వడం నా పని. "ఒరేయ్, వేళ్ళు పాట మీద పెట్టకురా, అంచు పట్టుకో" అనేవాడు. గాళ్ళను ఆయన 'పాట' అనే అనేవాడు. ఇప్పటికీ ఏ ప్లేటు పట్టుకున్నా నా చేతులు ఆ మాట వింటాయి.

కొమ్ము మైకుకి ఒక గుణం ఉంది. మాట మైళ్ళు పోతుంది గాని మంద్రం పోదు. రెండు మూడు వందల హెర్ట్జ్‌కి దిగువన ఉన్న ధ్వనిని ఆ రేకు గొట్టం దాదాపు మింగేస్తుంది. అంటే డిస్కోకి ప్రాణమైన రెండూ, ప్రతి దెబ్బకీ పడే పెద్ద డ్రమ్మూ, దాని చుట్టూ పాకే బేస్ గిటారూ, మా ఊరికి చేరనే లేదు. చేరింది మిగతాది. గొంతు, ట్రంపెట్లు, సింథసైజరు కూత, చప్పట్లు, కోరస్. 'డిస్కో డాన్సర్' పాటలు ఆ మిగతాదానితోనే నిలబడ్డాయి. బప్పీ లాహిరి తన పాటకు కొక్కేన్ని ఎప్పుడూ గొంతు ఎత్తులోనే బిగిస్తాడు. పార్వతీ ఖాన్ 'జిమ్మీ జిమ్మీ' అంటూ ఒక పేరునే మళ్ళీ మళ్ళీ పిలుస్తుంది. విజయ్ బెనెడిక్ట్ టైటిల్ పాటలో అక్షరాలు విడదీసి అరుస్తాడు. పాట మొత్తం గాలికి కొట్టుకుపోయినా ఆ పిలుపు ఒక్కటీ చెరువు అవతలి గట్టు మీద వినిపించేది. బప్పీ మా మైకు సెట్టును చూసి ఈ పాటలు కట్టాడని నేననను. పేటల్లో, తోపుల్లో, టీ హోటళ్ళలో, చిన్న స్పీకర్లలో పాట ఎలా బతకాలో మాత్రం ఆయనకు బాగా తెలుసు.

'డిస్కో దీవానే' మామయ్య దగ్గరా ఉండేది. ఒకసారి పెళ్ళిలో వేశాడు. పందిరి కింద ఎవరూ తల తిప్పలేదు. రెండు పాటలయ్యాక తీసేసి, "ఇది మైకుకి రాదురా" అన్నాడు. ఆయనకు తెలిసిన విమర్శ భాషలో అది పూర్తి తీర్పు. ఇన్నేళ్ళకు దానికి కారణం చెప్పగలుగుతున్నాను గాని, ఆ తీర్పును మార్చలేను.

ఆ రికార్డు చేసింది బిడ్డు. బెంగుళూరులో పుట్టి, 1960లలో ఇంగ్లండు వెళ్ళి, 1974లో కార్ల్ డగ్లస్ చేత 'కుంగ్ ఫూ ఫైటింగ్' పాడించి బ్రిటన్, అమెరికా రెండుచోట్లా మొదటి స్థానానికి తీసుకెళ్ళినవాడు. 1980లో 'కుర్బానీ' సినిమాకి మిగతా పాటలు కళ్యాణ్‌జీ ఆనంద్‌జీ చేస్తే, ఒక్క 'ఆప్ జైసా కోయీ' మాత్రం బిడ్డు లండన్‌లో చేశాడు. పాడిన నాజియా హసన్‌ది కరాచీ, వయసు 15. మరుసటి ఏడు ఆమెకు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. ఆ ఊపులోనే ఆమె, తమ్ముడు జోహెబ్ కలిసి పాడిన 'డిస్కో దీవానే' వచ్చింది. దాని వెనక సినిమా లేదు, నాయకుడు లేడు, కథ లేదు. మన దగ్గర సినిమా వెన్నుదన్ను లేని పాటల రికార్డు ఇంటింటికీ చేరడం అప్పటికి చాలా అరుదు.

మా ఇంట్లోకి అది క్యాసెట్‌గా వచ్చింది. కువైట్ నుంచి సెలవుకి వచ్చిన పక్కింటాయన టేప్ రికార్డరుతోపాటు తెచ్చాడు. మా అక్క అప్పుడు ఇంటర్ చదువుతోంది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గది తలుపు గడియ వేసుకుని ఆ క్యాసెట్ పెట్టుకునేది. తలుపు సందులోంచి చూశాను ఒకసారి. కళ్ళు మూసుకుని, గదిలో ఉన్న నాలుగు అడుగుల చోటులోనే ఊగుతోంది. నవ్వడం లేదు. ఆట అంటే పది మంది చూసేది అనుకునే నాకు, ఎవరూ చూడకూడని ఆట ఒకటుందని ఆ రోజు తెలిసింది.

అమ్మకు ఆ గొంతు నచ్చలేదు. "ఏంటే ఇది, మాట్లాడుతున్నట్టుంది గాని పాడుతున్నట్టు లేదు" అంది. సుశీల, జానకి గొంతులతో పెరిగిన చెవికి అలా అనిపించడం సహజం. నాజియా గొంతులో గమకం లేదు, పై స్థాయికి ఎక్కాలన్న ఆరాటం లేదు, ప్రతి మాటనీ రసంలో ముంచే అలవాటు లేదు. నేనూ ఎన్నో ఏళ్ళు దాన్ని లోపమనే అనుకున్నాను. ఇప్పుడు ఎల్.పి. మీద వింటుంటే ఆ లోపమే రికార్డుకు నడుము అనిపిస్తోంది. కింద బేస్ గిటారు పరుగెడుతుంది, డ్రమ్ము తూచినట్టు పడుతుంది, గిటారు చిన్నచిన్న ముక్కలుగా చిటికెలు వేస్తుంది. అంత కదలిక మీద ఆ పిల్ల గొంతు కదలకుండా నిలబడుతుంది. పైగా ఆమె గొంతు మీద ఆమె గొంతునే మరో పొరగా పరిచిన చోట్లు ఉన్నాయి. ఇద్దరు పాడినట్టు ఉండదు, ఒక్కతే తనలో తాను అనుకుంటున్నట్టు ఉంటుంది. 'లేకిన్ మేరా దిల్' వినండి. తాళం ఆడమంటుంది, గొంతు ఒప్పుకోదు. మా అక్క నవ్వకుండా ఊగడానికి కారణం అక్కడే ఉందనుకుంటాను.

బిడ్డు వాయిద్యాల మధ్య ఖాళీ వదులుతాడు. బప్పీ ఖాళీ కనిపిస్తే భరించలేడు. ఒక వాద్యం ఊపిరి పీల్చుకునే లోపల ఇంకోటి వచ్చి కూచుంటుంది. గదిలో రెండు పెట్టె స్పీకర్ల మీద వింటే ఇది 'డిస్కో డాన్సర్'కు నష్టమే. రెండో పాటకే చెవి అలిసిపోతుంది. అదీగాక ఎల్.పి.లో ఒక భౌతికమైన ఇబ్బంది ఉంది. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ప్లేటు అంచు దగ్గర పిన్ను కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి పోతే, లోపలి చుట్ల దగ్గర 20కి కాస్త పైన మాత్రమే పోతుంది. అంత ధ్వనినీ అంత తక్కువ చోటులో ఇరికించాలి. కిక్కిరిసిన పాట లోపలి చుట్లలో పడితే సకారాలన్నీ చిట్లుతాయి. మామయ్య ప్లేటు మీద చిట్లుతున్నాయి కూడా. కొంత తప్పు ఆయన మార్చని పిన్నుది, కొంత బప్పీ కూర్పుది.

ఇక అరువు మాట. 'జిమ్మీ జిమ్మీ' వెనక ఓటవాన్ బృందం 1980లో పాడిన ఫ్రెంచి పాట ఉంది. 'అవ్వా అవ్వా'లో బగిల్స్ వాళ్ళ 1979 నాటి 'వీడియో కిల్డ్ ద రేడియో స్టార్' కోరస్ వినిపిస్తుంది. దీన్ని కప్పిపుచ్చను. అరువుకు పేరు చెప్పకపోవడం తప్పే. బిడ్డు ఈ విషయంలో శుభ్రంగా ఉన్నాడు, రికార్డు ఆయన సొంతం. కానీ బప్పీ పాటను ఎత్తుకొచ్చి ఎక్కడ నిలబెట్టాడన్నది వేరే ప్రశ్న. 'డిస్కో డాన్సర్' సినిమాలో తల్లి చావు తర్వాత గిటారు ముట్టలేక వేదిక మీద బిగుసుకుపోయిన కొడుకుని, నువ్వు పాడు అని బతిమాలే పాట 'జిమ్మీ జిమ్మీ'. ఫ్రెంచి పాటలో లేని దుఃఖం దీని అడుగున ఉంది. సోవియట్ యూనియన్‌లో ఆ సినిమాకు దాదాపు 6 కోట్ల టికెట్లు తెగాయంటే ఒక్క తాళం వల్లే అయిందనుకోను. 2007లో ఎం.ఐ.ఏ. లండన్ నుంచి అదే పాటను తిరగరాసి పాడింది. బిడ్డు పాటలో దుఃఖం గొంతులోనే ఆగిపోతుంది, బప్పీ పాటలో అది వీధిలోకొచ్చి పేరు పెట్టి పిలుస్తుంది.

మనకు బప్పీ మరోలా కూడా దగ్గరయ్యాడు. 1986లో కృష్ణ 'సింహాసనం' తీసినప్పుడు రాజులు, కోటలు, కత్తులు ఉన్న జానపదానికి సంగీతం బప్పీదే. కిరీటం పెట్టుకున్నవాళ్ళ కింద డిస్కో తాళం నడిచింది, జనం ఒప్పుకున్నారు. తర్వాత 'గ్యాంగ్ లీడర్' దాకా ఆ ప్రయాణం సాగింది. బిడ్డుకి తెలుగులో అలాంటి వారసత్వం లేదు. ఆయన పద్ధతి, అంటే సినిమా లేకుండా ఒక గొంతునూ ఒక రికార్డునూ నిలబెట్టడం, 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా'తో ఉత్తరాదిన మళ్ళీ గెలిచింది. తెలుగు పాట మాత్రం ఇప్పటికీ సినిమా చెయ్యి పట్టుకునే నడుస్తోంది. మనకు 'డిస్కో దీవానే' లాంటిది ఒక్కటైనా పుట్టి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మామయ్య ప్లేటులో 'జిమ్మీ' దగ్గర ఒకచోట పిన్ను ఎగిరి రెండు చుట్లు దాటి పడుతుంది. మా ఊరికి ఆ పాట ఆ దాటుతోనే తెలుసు. రికార్డింగ్ డాన్సు పిల్లలు సరిగ్గా ఆ చోట ఒక అడుగు ఎక్కువ వేసేవారు. గీతలు లేని పాట ఫోనులో దొరుకుతుంది, విన్నాను. అడుగు వేయాల్సిన చోట పాట సాఫీగా వెళ్ళిపోయింది. మామయ్య పోయి పదకొండేళ్ళయింది. ఆ దాటు వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి పిన్ను మీదికి వెళ్ళబోయి ఆగడం కనిపిస్తుంది నాకు.

రికార్డుగా తూస్తే 'డిస్కో దీవానే' గొప్పది, ఇందులో నాకు సందేహం లేదు. పదేపదే వినడానికి, కొత్తగా వినడానికి అందులో చోటుంది. 'డిస్కో డాన్సర్' ఎల్.పి. సగం పాటే. మిగతా సగం పందిట్లో, గాలిలో, జనంలో ఉండేది, దాన్ని ప్లేటు మీద ఎవరూ అచ్చు వేయలేదు. నాజియా 2000 ఆగస్టు 13న లండన్‌లో క్యాన్సర్‌తో పోయింది, 35 ఏళ్ళకే. బప్పీ 2022 ఫిబ్రవరి 15న ముంబైలో పోయాడు.

మీ ఇంట్లో అటక మీద పాత ప్లేట్లుంటే దించండి. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచితే మన ఎండలకు వంగిపోతాయి, మామయ్యవి అలాగే సగం పోయాయి. పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టండి. పట్టుకునేటప్పుడు అంచు పట్టుకోండి.