కథ చెప్పినవాళ్ల పేరు ఏ లెక్కలో ఉంది?

ఆదిలాబాద్ గోండుల మీద వచ్చిన ఏ పరిశోధన గ్రంథాన్నైనా చివరి పేజీల నుంచి తెరిచి చూడండి. అక్కడి ఆధార గ్రంథాల పట్టికలో హైమన్‌డార్ఫ్ పేరు దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాతి కాలంలో ఈ అడవుల్లోకి వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఆయన. మార్లవాయిలో ఉండి మన జీవితాన్ని రాసుకున్నారు. రాజ్‌గోండుల మీద ఆయన ఇంగ్లీషు గ్రంథం 1948లో అచ్చయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆయన్ని చూసి రాశారు. వాళ్లను చూసి ఇంకొకరు రాశారు. ఒక మాట ఇట్లా ఎవరి నుంచి ఎవరికి పోయిందో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. దాన్నే సైటేషన్ విశ్లేషణ అంటారు, అంటే ఉటంకింపుల లెక్క.

ఈ లెక్కకు పెద్ద చరిత్రే ఉంది. ఏ వ్యాసాన్ని ఎవరు ఉటంకించారో చూపే సూచిక కావాలని అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించాడు. పదేళ్లకు డెరెక్ ప్రైస్ ఆ ఉటంకింపులను ఒక వలగా గీసి చూపాడు. ఏ ఏడాది తీసుకున్నా అప్పటికున్న వ్యాసాల్లో సుమారు 35 శాతాన్ని ఆ ఏడు ఎవరూ తలవరని అతని అంచనా. కలిసి రాసినవాళ్ల మధ్య గీతలు గీస్తే అది సహరచయితల వల అవుతుంది. 2001లో మార్క్ న్యూమన్ భౌతిక, వైద్య తదితర రంగాల్లో అట్లాంటి వలలు గీశాడు. ఎవరు ఎవరి బృందం, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు అంచున ఉన్నారు అన్నవి ఈ వలల్లో కనబడతాయి.

మనకు ఇది కొత్త ఆలోచన కాదు. నాలుగన్నల సగ, ఐదన్నల సగ, ఆరన్నల సగ, ఏడన్నల సగ అని మన బంధుత్వమంతా లెక్కలోనే ఉంది. ఏ వంశం ఏ సగలోదో కిక్రి మీద కథ చెప్పే పర్ధాన్‌కు తెలుసు. పరిశోధకుల సగలను చూపించేదే సైటేషన్ లెక్క. తేడా ఒక్కటే. పర్ధాన్ లెక్కలో గోత్రం ఉన్న ప్రతి మనిషికీ చోటు ఉంది. సూచిక లెక్కలో మాత్రం అచ్చులో రచయితగా పేరు పడ్డవాళ్లకే చోటు.

నా విమర్శ ఇక్కడే మొదలవుతుంది. గోండుల మీద హైమన్‌డార్ఫ్ 1979లో తెచ్చిన పుస్తకం ముఖపత్రం మీద ఆయన భార్య ఎలిజబెత్ పేరు 'సహకారం' అన్న మాటతో ఉంది. ఆ సహకారాన్ని రచన కింద రాసుకుంటే వలలో ఇద్దరు మనుషులు, ఒక గీత ఉంటాయి. రాసుకోకపోతే ఒక్కడే మనిషి మిగులుతాడు. ఒక గుమాస్తా నిర్ణయంతో ఒక స్త్రీ శ్రమ కనపడకుండా పోవచ్చు. దొరసాని పరిస్థితే ఇట్లా ఉంటే, రాత్రుళ్లు కథ చెప్పిన పర్ధాన్ సంగతి చెప్పనక్కర లేదు. ఆయన్ని 'సమాచారదాత' అంటారు. ఆయన పేరు పుస్తకం లోపల ఉన్నా, కృతజ్ఞతల్లో ఉన్నా సూచికకు ఎక్కదు. వంశ కథ మొత్తం ఆయన నోటి నుంచి వచ్చినా వలలో ఆయనకు ఒక్క చుక్క కూడా ఉండదు.

రెండో లోపం భాషది. పెద్ద సూచికలు ప్రధానంగా ఇంగ్లీషు పత్రికలను లెక్కిస్తాయి. సాహు, అల్లం రాజయ్య రాసిన 'కొమురం భీం' నవల భీం పోరాటాన్ని తెలుగు పాఠకుల దగ్గరికి తెచ్చింది. దాన్ని ఎంతమంది చదివారో ఆ సూచికలు చెప్పలేవు. లెక్కలో సున్నా వచ్చిందంటే ఎవరూ చదవలేదని కాదు. లెక్కించేవాడు మన వైపు చూడలేదని అర్థం.

మూడో లోపం పేర్లది. ఆత్రం, మెస్రం, సిడాం, పెందూర్ అన్నవి వందల మందికి ఇంటిపేర్లు. ఇంటిపేరు, ఒక పొడి అక్షరం చూసి కంప్యూటర్ ఇద్దరిని ఒక్కరిగా కలిపేస్తుంది. కుమ్ర, కుమ్రం, కొమురం అని ఇంగ్లీషులో రకరకాలుగా రాస్తే ఒక్కరినే ముగ్గురిగా చీలుస్తుంది. మనవాళ్లు రాయడం మొదలుపెట్టాక కూడా ఈ చిక్కు వెంట వస్తుంది.

నాలుగోది, ఉన్నవాళ్లకే మరింత దక్కడం. పేరున్న వాళ్లకే మళ్లీ పేరు వస్తుందని రాబర్ట్ మెర్టన్ 1968లోనే చెప్పాడు. హైమన్‌డార్ఫ్‌ను ఉటంకిస్తే గైడ్ అభ్యంతరం చెప్పడు. గూడెం పెద్దను ఉటంకిస్తే 'ఆధారం ఏది?' అని అడుగుతాడు. పుస్తకానికి ఆధారం గూడెం పెద్దే అన్న సంగతి ఆ ప్రశ్నలో మరుగున పడుతుంది.

అయితే ఈ లెక్కను పారేయాలా? వద్దు. మనల్ని పక్కన పెట్టారని ఊరికే అంటే అది ఫిర్యాదు. లెక్కతో చూపిస్తే సాక్ష్యం. యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు ఎన్నో ఇప్పుడు 'శోధ్‌గంగ'లో ఉచితంగా దొరుకుతున్నాయి. మన ఉపాధ్యాయులు, డిగ్రీ పిల్లలు కలిసి గోండులు, కొలాంలు, నాయకపోడుల మీద ఓ పది గ్రంథాలు తీసుకోవచ్చు. చివరి పట్టికలోని పేర్లను మూడు వరుసల్లో రాయాలి: ఆదివాసీ రచయితలు, తెలుగు లేదా గోండి రచనలు, పేరుతో సహా ఉటంకించిన కథకులు. ఏ వరుస ఖాళీగా ఉందో పదో గ్రంథానికల్లా తెలిసిపోతుంది. లంబాడా సమాజం నుంచి వచ్చిన చరిత్రకారుడు భంగ్యా భూక్యా దక్కన్ గోండుల చరిత్రను 2017లో పుస్తకంగా తెచ్చారు. ఆ తర్వాతి గ్రంథాలు ఆయన్ని ఎంత చదివాయో కూడా ఇట్లాగే తేల్చవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. తిట్టడానికి ఉటంకించినా అది లెక్కలో ఒకటే. అందుకే అంకెతో ఆగకుండా ఆ వాక్యాన్ని తెరిచి చదవాలి.

లెక్కించడం ఒక్కటే సరిపోదు, లెక్కలోకి రావాలి కూడా. కెనడాలో క్రీ జాతికి చెందిన లైబ్రేరియన్ లోరీసియా మెక్లౌడ్ ఆదివాసీ పెద్దలను పుస్తకాలతో సమానంగా ఎట్లా ఉటంకించాలో 2021లో ఒక నమూనా ప్రచురించారు. పెద్దవారి పేరు, జాతి, ఉండే చోటు, చెప్పిన విషయం, తేదీ అందులో వస్తాయి. మనం దానికి వంశం, సగ, గూడెం, చెప్పిన భాష చేర్చుకోవచ్చు. అన్నిటికన్నా ముందు అనుమతి ఉండాలి. పెన్ దగ్గర మాత్రమే చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. వాటిని అచ్చు వేయాలో వద్దో చెప్పేది పెద్దలే, యూనివర్సిటీ కాదు.

గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడది కంప్యూటర్లకు తెలిసిన లిపి. కానీ ఆ చేతిరాతలు చెడిపోకుండా దాచింది గుంజాల ఇళ్లు. ఆ లిపి మీద రేపు మన పిల్లలు రాసే ప్రతి వ్యాసం చివర ఆ లిపిని నేర్పిన పెద్దల పేర్లు ఆధారాల పట్టికలోనే ఉండాలి. కృతజ్ఞతల్లో పెట్టి సరిపెట్టవద్దు. వాళ్ల తాతల పేర్లను పట్టికలో రాయాల్సిన మొదటివాళ్లు మన పిల్లలే.